అడుగు కథ ఆడి చూస్తారా?

మొదటి షిఫ్టు వాళ్ళు వెళ్ళిపోయారు. పిల్లల బడి బస్సు కూడా మలుపు తిరిగింది. పప్పు కుక్కరులో ఉంది. మీకంటూ ఓ అరగంట దొరికింది. ఆ అరగంటలో సెల్‌ఫోను తీస్తే ఏముంటుంది? రంగురంగుల మిఠాయిలు పగలగొట్టే ఆట, పక్క క్వార్టర్ వదిన పంపిన గుడ్ మార్నింగ్ పువ్వులు! అవి చాలనుకునే వారు ఈ పేజీ తిప్పేయవచ్చు. కానీ కథంటే చెవి కోసుకునేవారు, పొడుపుకథ వేస్తే విప్పేదాకా నిద్రపట్టనివారు మనలో ఎందరో ఉన్నారు. ఈ కబురు వారి కోసం.

బొమ్మలు లేని కంప్యూటర్ ఆటలు కొన్ని ఉన్నాయి. పాట ఉండదు, చప్పుడు ఉండదు, గడియారం తరమదు. తెర మీద నాలుగు వాక్యాలు కనిపిస్తాయి. మీరు ఎక్కడున్నారో, ఎదురుగా ఏముందో చెప్పి ఆగిపోతాయి. ఇక మీ వంతు. ‘తలుపు తెరువు’ అనో, ‘తూర్పుకు వెళ్ళు’ అనో మీరు టైపు చేయాలి. దానికి తగ్గట్టు కథ ముందుకు జరుగుతుంది. ఇంగ్లీషులో వీటిని ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటారు. అంత పొడుగు మాట మనకెందుకు? నేనైతే ‘అడుగు కథ’ అంటాను. అడగడమూ ఉంది, అడుగు వేయడమూ ఉంది కదా!

చందమామలో భేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళం మనం. భేతాళుడు కథంతా చెప్పి చివర్లో ఒక చిక్కు ప్రశ్న వేసేవాడు. రాజు జవాబు చెప్పేసేవాడు, శవం కాస్తా మళ్ళీ చెట్టెక్కేది. ‘అబ్బ, ఈ మహారాజు ఒక్కసారి నోరు మూసుకుని ఉండకూడదా!’ అని మనం విసుక్కునేవాళ్ళం. అడుగు కథలో రాజు మీరే. చెప్పాలా, ఊరుకోవాలా, శవాన్ని దించి పక్కన పెట్టి చుట్టూ ఏముందో ముందు చూసుకోవాలా అన్నది మీ ఇష్టం.

గుహ నిజం, పటం నిజం

వీటన్నిటికీ తల్లిలాంటి ఆట ఒకటుంది. పేరు ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’. అందులో మీరు వాగు పక్కన ఒక చిన్న ఇటుకల గదికి వెళతారు. లోపల ఒక దీపం, తాళంచెవుల గుత్తి, కొంచెం తిండి, సీసాలో నీళ్ళు ఉంటాయి. అవి తీసుకుని వాగు వెంట నడిస్తే నేలలో బిగించిన ఇనుప జాలీ కనిపిస్తుంది. తాళం తీసి దిగితే గుహ. దీపం మరచిపోయి దిగారో, చీకట్లో ఏ గోతిలోనో పడి ఆట ముగుస్తుంది. దీపం ఉన్నా ధీమా పనికిరాదు, బ్యాటరీ అయిపోతుంది!

ఈ గుహ ఉత్త కల్పన కాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో మామ్మత్ అనే గుహల వరుస ఉంది. ఇప్పటికి కొలిచినంతవరకే 680 కిలోమీటర్లు దాటిన ఈ వరుస ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైనది. విల్ క్రౌథర్, ఆయన భార్య ప్యాట్రీషియా ఇద్దరూ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు. తీరిక దొరికితే ఈ గుహల్లో పాకుతూ కొలతలు తీసేవారు. బురద పట్టిన నోటుపుస్తకాల్లోని అంకెలను ఇంటికి తెచ్చి కంప్యూటర్‌కు ఎక్కించి, గుహకు పటం తయారుచేసేవారు. పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలకూ మామ్మత్‌కూ లోలోపల దారి ఉందా అన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. సన్నటి మనిషి కావడంతో ప్యాట్రీషియా ఎవరికీ పట్టదనుకున్న ఇరుకు సందులో దూరి అవతలికి దారి చూసింది. 1972 సెప్టెంబర్ 9న రెండు గుహలూ ఒకటేనని తేల్చిన ఆరుగురిలో ఆమె ఒక్కతే స్త్రీ.

తరువాత ఆ ఆలుమగలు విడిపోయారు. పిల్లలు ఇద్దరూ ఆడపిల్లలు. వాళ్ళు తన దగ్గరికి వచ్చినప్పుడు ఆడుకోవడానికి ఏదైనా ఉండాలని, తాను వెళ్ళడం మానేసిన గుహలను విల్ మాటల్లో పెట్టాడు. అది 1975, 76 ప్రాంతం. 1977లో డాన్ వుడ్స్ అనే విద్యార్థి అందులో మరిన్ని గదులు, నిధులు చేర్చాడు. ఆట దేశమంతా పాకింది. ఇప్పటికీ ఆట చరిత్ర చెప్పేవారు ఇద్దరు మగవాళ్ళ పేర్లు చెప్పి ముగిస్తారు. కొలతల టేపుకు రెండో కొస పట్టుకున్న చెయ్యి ఎవరిదో మనమైనా గుర్తుంచుకుందాం.

ఈ ఆటలో ఒక పిట్ట ఉంది, ఒక పంజరం ఉంది, ఒక నల్లటి కర్ర ఉంది. పిట్టను పట్టుకోబోతే బెదిరిపోతుంది. ఎందుకు? మీ చేతిలో ఏముందో చూసుకోండి! అంతకు మించి చెప్పను. ముందు గదిలో దారికి అడ్డంగా ఒక పెద్ద పాము ఉంటుంది. కొట్టాలని చూస్తే లాభం లేదు. ఇలాంటి ముడులు కండబలంతో కాక ఇంటి ఇల్లాలికుండే గమనింపుతోనే విడతాయి. ఏ డబ్బాలో ఏముందో, దేన్ని దేని పక్కన పెట్టకూడదో రోజూ చూసుకునేది మనమే కదా!

గోడలన్నీ ఒకేలా ఉండే చిక్కుదారుల చోటు కూడా ఒకటుంది. ఏ వైపు వెళ్ళినా అదే వాక్యం కనిపిస్తుంది. తలపట్టుకోకండి. చేతిలోని వస్తువులు ఒక్కో చోట ఒక్కొక్కటి వదలండి. ఇక్కడ సీసా, అక్కడ తాళంచెవులు... అప్పుడు ఏ చోటు ఏదో తెలుస్తుంది. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని గడులు గీసుకుంటూ ఆడాలి. ముగ్గు చుక్కలు వేసే చేతికి ఇదేమంత కష్టం?

వంటింటి బల్ల మీద...

కాలిఫోర్నియాలో రోబర్టా విలియమ్స్ అనే యువతి ఉండేది. భర్త కెన్ కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆయన ఆఫీసు కంప్యూటర్‌కు ఫోను తీగ మీద కలిసే టెర్మినల్ ఒకటి ఇంటికి తెచ్చాడు. అందులో ఈ గుహ ఆట ఉంది. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నాడు. అయినా రోబర్టా ఆటను వదల్లేకపోయింది. పూర్తయ్యాక అలాంటిదే ఇంకోటి కావాలని వెతికితే ఆమెకు నచ్చింది దొరకలేదు. దాంతో వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని తానే ఒక హత్యారహస్యం కథ అల్లింది. భర్త ప్రోగ్రాము రాశాడు. మాటలకు తోడు గీతల బొమ్మలు కూడా ఆమే వేసింది. అదే 1980లో వచ్చిన ‘మిస్టరీ హౌస్’. మొదటి ప్రతులను మనం పచ్చిబఠానీలు దాచుకునే లాంటి జిప్ సంచుల్లో పెట్టి అమ్మారు! దాంతో మొదలైన వారి కంపెనీ తరువాత సియెర్రా ఆన్‌లైన్ పేరుతో అమెరికాలో పెద్ద ఆటల కంపెనీగా ఎదిగింది. విశ్రాంతి తీసుకునే వయసు వచ్చాక, 2023లో, ఆ దంపతులు మళ్ళీ అదే గుహను తీసుకుని కొత్త హంగులతో విడుదల చేశారు.

మన ఇళ్ళ కింద ఉన్న గుహ

ఇదంతా అమెరికా వాళ్ళ ముచ్చట అనుకుంటున్నారా? గోదావరిఖనిలోనో, యైటింక్లైన్ కాలనీలోనో, మందమర్రిలోనో ఉండేవారికి దీపం, చీకటి, ఒకేలా ఉండే దారులు అంటే వేరే వివరించాలా? బాయిలో బొగ్గు తీసేటప్పుడు పైకప్పుకు ఆధారంగా బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. వాటి చుట్టూ అడ్డం నిలువు దారులుంటాయి. ఏ మూల చూసినా ఒక్క తీరే. ఉత్తరం, దక్షిణం అనడం కన్నా డిప్పు, రైజు, లెవెల్ అంటారు. దిగేది డిప్పు, ఎక్కేది రైజు. మీ శ్రీవారు, మీ నాన్న, మీ మామగారు ఏళ్ళ తరబడి నడిచిన దారులివి. మీరెప్పుడైనా చూశారా?

చూసే వీలు మనకు లేదు. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళు భూగర్భంలో పనిచేయకూడదంది. 2019లో కేంద్రం కొంత సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు తమ సమ్మతితో పగటిపూట దిగవచ్చని చెప్పింది. ఇల్లాలికి మాత్రం బాయి అంటే బొగ్గు మరకల బట్టలు, అన్నం టిఫిను, షిఫ్టు దిగే వేళకు వాకిలి వైపు ఒక చూపు. ‘ఏమైంది ఇయ్యాల?’ అంటే ‘ఏముంటది, పనే’ అన్న జవాబు. మనం భయపడతామని వాళ్ళు చెప్పరు. వాళ్ళు విసుక్కుంటారని మనం అడగం.

అక్కడే ఈ అడుగు కథ నాకు పనికొచ్చేదిగా తోచింది. ‘బాయి గురించి చెప్పు’ అంటే ఏ మనిషీ చెప్పడు. ‘ల్యాంప్ రూంలో దీపం తీసుకున్నవు. తరువాత ఎటు పోతవు?’ అని అడిగి చూడండి, మాట దానంతటదే వస్తుంది. ఉదాహరణకు ఇలా మొదలుపెట్టవచ్చు. ముందు గీత ఉన్నవి మీరు అనే మాటలు, తక్కినవి కథ చెప్పేవి.

బాయి మొఖం కాడ నిలబడ్డవు. తలకు టోపీ, నడుముకు బ్యాటరీ. పట్టాలు ఏటవాలుగ చీకట్లకు దిగుతున్నయి. గేటు మనిషి చెయ్యి అడ్డం పెట్టిండు.
– లోపలికి పో.
గేటు మనిషి కదలడు. నీ జేబు దిక్కే చూస్తున్నడు.
– జేబు చూడు.
ఒక బీడీ కట్ట. ఒక అగ్గిపెట్టె.
– రెండూ ఇచ్చెయ్యి.
చెయ్యి తీసిండు. ‘పో బిడ్డా, పైలం’ అన్నడు.

భూగర్భ గనిలో మీథేన్ అనే మండే వాయువు ఉండవచ్చు కాబట్టి అగ్గిపుల్ల, బీడీ లోపలికి వెళ్ళకూడదు. ఆట ఆడే మీ అబ్బాయికి ఆ సంగతి తెలియకపోతే గేటు దగ్గరే ఆగిపోతాడు. పొద్దున్నే కిటికీలో వదిలేసిన అగ్గిపెట్టె మీకు తెలుసు కాబట్టి మీరు దాటేస్తారు! ఇంకొంచెం లోపలికి వెళదాం.

పై కప్పు నల్లగ మెరుస్తున్నది. చేతిల కర్ర ఉన్నది.
– కర్రతో కప్పు కొట్టు.
డబ్... డబ్... డొల్ల మోత.

ఇప్పుడు ఏం టైపు చేస్తారు? కుండల అంగడిలో కుండను వేలితో కొట్టి చూస్తాం కదా. ఖంగుమంటే మంచిది, డొల్లగా మోగితే పగులు. గనిలో కప్పును కూడా అలాగే కొట్టి వింటారు. డొల్లగా మోగితే రాయి వదులైందని అర్థం. అలాంటి కప్పు కింద నిలబడకూడదు. మాటల ఆటలో తప్పు చేస్తే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మన ఇంటి మనిషికి రోజూ ఆ వీలు ఉండదని ఆడుతున్నప్పుడు అర్థమవుతుంది. పుస్తకంలో చదివితే నాకు అంతగా తగలలేదు.

ఇంకో సంగతి. మన బెల్టులో ఎన్నో ఇంక్లైన్లు మూతపడ్డాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. తట్టా చెమ్మస్‌లతో బొగ్గు నింపిన తరం రిటైరై అరుగుల మీద కూర్చుంది. ఏ మూలన నీళ్ళు కారేవో, ఎక్కడ కూర్చుని టిఫిను విప్పేవారో వాళ్ళకే తెలుసు. కంపెనీ దగ్గర సర్వే పటాలుంటాయి గానీ, వాటిలో ఇవి ఉండవు.

మొదట ఏవి ఆడాలి?

ఇంగ్లీషు అంటే జంకు ఉన్నవారికి ఒక తమాషా ఉపాయం చెబుతాను. 2007లో వచ్చిన ‘లాస్ట్ పిగ్’తో మొదలుపెట్టండి. గ్రంక్ అనే అమాయకపు రాక్షసుడు తప్పిపోయిన పందిని వెతుక్కుంటాడు. కథ చెప్పేది కూడా వాడే, అదీ వచ్చీరాని ఇంగ్లీషులో! వాడి వాక్యాలు చూశాక మీ ఇంగ్లీషు మీద మీకే గౌరవం కలుగుతుంది. నవ్వలేక చస్తారు.

ముడులు విప్పే ఓపిక లేదు, కథ చాలు అంటే 1998 నాటి ‘ఫొటోపియా’. గంటలో అయిపోతుంది గానీ కళ్ళు తడుపుతుంది. ఎమిలీ షార్ట్ రాసిన ‘గలాటియా’ 2000లో వచ్చింది. ప్రాణం వచ్చిన ఒక శిలాప్రతిమతో మాట్లాడటమే ఆటంతా. మీరు ఏం అడుగుతారు, ఎంత మర్యాదగా అడుగుతారు అన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది. పెళ్ళిచూపుల్లో కూర్చున్న ప్రతి ఆడపిల్లకూ ఈ ఆట నచ్చుతుందని నా అనుమానం! సముద్రపు దొంగలు, ప్రేమ, తెగువ గల కథానాయిక కావాలంటే ఏమీ బ్రిగ్స్ రాసిన ‘ప్లండర్డ్ హార్ట్స్’ ఉంది. అది 1987 నాటిది. టైపు చేయడం బద్ధకమైతే, వేలితో తాకి ఎంచుకునే ‘80 డేస్’ 2014లో వచ్చింది. ఇది కొనుక్కోవాలి. అందులోని మాటల్లో ఎక్కువ భాగం మెగ్ జయంత్ అనే రచయిత్రివి.

గుహ ఆట, లాస్ట్ పిగ్, ఫొటోపియా, గలాటియా ఉచితమే. పేరు కొడితే ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. బొమ్మలు లేవు కాబట్టి డేటా పెద్దగా ఖర్చు కాదు. క్రియ ముందు, వస్తువు తరువాత పెట్టి రెండు మాటల్లో చెప్పండి: ‘టేక్ ల్యాంప్’, ‘ఓపెన్ డోర్’. ‘లుక్’ అంటే చుట్టూ మళ్ళీ వర్ణిస్తుంది. ‘ఇన్వెంటరీ’ అంటే మీ చేతిలో ఉన్నవన్నీ చెబుతుంది. కుక్కరు కూతేస్తే ‘సేవ్’ అని కొట్టి లేవండి, ఎక్కడ ఆపారో అక్కడే ఉంటుంది. ముడి పడితే వెంటనే జవాబు వెతకొద్దు. రాత్రి గిన్నెలు తోముతున్నప్పుడు దానంతటదే తడుతుంది, నన్ను నమ్మండి.

తెలుగులో రాయడం ఎలా?

పైన రాసిన బాయి కథను కంప్యూటర్‌లో నిజంగా ఆడించాలంటే ఒక చిక్కుంది. మాటలు టైపు చేసే ఆటలు ఇంగ్లీషు వాక్యం పోకడకు అలవాటుపడి ఉన్నాయి. మన భాషలో ‘పెట్టె తెరువు’ అనవచ్చు, ‘పెట్టెను తెరువు’ అనవచ్చు, ‘తెరువు ఆ పెట్టె’ అనవచ్చు. ‘పెట్టెల ఏమున్నది చూడు’ అని కూడా అనవచ్చు. విభక్తులన్నీ మాటకే అతుక్కుని ఉంటాయి. ఇవన్నీ ఒకటేనని యంత్రానికి నేర్పడం కొత్తవారికి తలకు మించిన పని.

అందుకని తేలిక దారి పట్టండి. ‘ట్వైన్’ అనే ఉచిత సాధనం 2009లో వచ్చింది. క్రిస్ క్లైమస్ తయారుచేశాడు. కంప్యూటర్ బ్రౌజరులోనే తెరుచుకుంటుంది, తెలుగు అక్షరాలు చక్కగా పడతాయి. తెర మీద ఒక చీటీ లాంటి పెట్టె వస్తుంది. అందులో ఒక సన్నివేశం రాస్తారు. ‘జేబు చూడు’ అన్న మాటకు అటు రెండు, ఇటు రెండు చదరపు బ్రాకెట్లు పెడితే ఆ పేరుతో ఇంకో చీటీ పుడుతుంది, రెండింటి మధ్య బాణం గీత పడుతుంది. ఆడేవారు ఆ మాటను తాకితే ఆ చీటీ తెరుచుకుంటుంది. అంతే! పూర్తయ్యాక మొత్తం ఆటను ఒకే ఫైలుగా దింపుకుని ఎవరికైనా పంపవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. రాసిందంతా ఆ బ్రౌజరులోనే నిలువ ఉంటుంది. ఎవరైనా దాన్ని శుభ్రం చేస్తే మీ కథ కూడా పోతుంది. రోజూ ఒక ప్రతి దింపి పెట్టుకోండి.

కంప్యూటర్ లేదా? పిల్లల పాత నోటుబుక్కు చాలు. పేజీలకు అంకెలు వేయండి. ‘జేబు చూస్తే 7వ పేజీ, గేటు మనిషితో వాదిస్తే 12వ పేజీ’ అని కింద రాయండి. అమెరికాలో 1979 నుంచి వచ్చిన ‘చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్’ పుస్తకాలు ఇలాంటివే. మొదటి ప్రయత్నానికి పది పన్నెండు పేజీలు దాటనివ్వకండి. ప్రతి పేజీ కిందా నాలుగు దారులు పెడితే నాలుగో అడుగుకే 256 పేజీలు కావాలి! రెండు దారులు పెట్టి, కాసేపటికి మళ్ళీ ఒకే చోట కలిపేయండి.

ఇక ఇంట్లో అడగాల్సినవి. మొదటి రోజు దిగినప్పుడు ముందు ఏం వినిపించింది? దీపం ఆర్పితే చీకటి ఎలా ఉంటది? అన్నం టిఫిను ఎక్కడ వేలాడదీసేటోళ్ళు? దారి తప్పితే ఎట్ల గుర్తుపట్టేటోళ్ళు? మామగారిని అడిగేటప్పుడు చేతిలో పుస్తకం పెట్టుకోకండి, చాయ్ గ్లాసు పెట్టుకోండి. పిల్లలను పక్కన కూర్చోబెడితే ఇంకా మంచిది, తాతలు మనవలకు చెప్పినట్టు కోడళ్ళకు చెప్పరు. ప్రమాదం చూసిన మనిషిని ఆ ప్రమాదం గురించి మీరుగా కదపవద్దు. ఆయన తానుగా చెబితే వినండి. దాన్ని ఆటలో పెట్టాలా వద్దా అన్నది ఆయననే అడగండి. వద్దంటే వద్దు.

రాసిన దాన్ని ముందు ఇంట్లో పిల్లలతో ఆడించండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో అక్కడ పెన్సిలు గుర్తు పెట్టండి. ఆ చోట ఒక వాక్యం తక్కువైందన్నమాట. తరువాత బాయి తెలిసిన మనిషికి వినిపించండి. ‘గట్ల కాదు, డిప్పు దిగినంక ఎడమకు పోవాలె’ అని ఆయన పెన్సిలు లాక్కుంటే మీ పని సగం అయినట్టే. చివరి పేజీలో దీపాన్ని ల్యాంప్ రూంలో తిరిగి అప్పగించడం మాత్రం మరవకండి. దీపం తిరిగి రాలేదంటే, దాన్ని తీసుకున్న మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క.